కుదురుకి మూడు

తప్పంతా కోళ్ళదేనని నేను ఇప్పటికీ అంటాను. నాన్న ఒప్పుకోడు. మేనత్త అయితే ఆ మాట వింటే చాలు, పొట్ట పట్టుకుని నవ్వుతుంది. అమ్మ మాత్రం ఏమీ అనదు. అనవలసింది పొలంలో నలుగురి ముందూ చేసి చూపించేసింది గనుక ఆవిడకి ఇక మాటలతో పని లేదు.

మాది ఇనుము పోత పోసే ఇల్లు. వీధి వైపు రెండు గదుల్లో కాపురం, వెనక పెరడు, పెరడు దాటితే కార్ఖానా. నాన్న ముప్పై ఏళ్ళుగా పొయ్యి తలుపులు, గేటు కీళ్ళు, బావి గిలకలు పోసి పేరు తెచ్చుకున్నాడు. నేను ఆయనకి చెక్క అచ్చులు చెక్కుతాను. ఏ వస్తువు కావాలన్నా ముందు నేను దాన్ని చెక్కలో చేస్తాను. నాన్న ఆ చెక్కని తడి ఇసుకలో అదిమి తీసి, ఏర్పడిన గుంటలో కరిగిన ఇనుము పోస్తాడు. అచ్చు వెంట్రుకవాసి తప్పితే ఇనుమూ తప్పుతుంది. నేను తప్పను. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు. సరే, గొప్పలే అనుకోండి. ఊళ్ళో ఎవరిని అడిగినా ఇదే మాట చెబుతారు, కాకపోతే కాస్త మూతి ముడుచుకుని చెబుతారు.

తొమ్మిదేళ్ళ కిందట నాకు మొక్కజొన్న విత్తే బండి పిచ్చి పట్టింది. పట్టించింది మేనత్తే. నాన్నకి అక్క, ఊరి చివర పెద్ద పొలం, అంతకంటే పెద్ద నోరు. ఆ ఏడు కూలి మనుషులు చాలలేదని నన్ను లాక్కుపోయింది. పారతో గుంట తీయడం, మూడు గింజలు వేయడం, కాలితో మట్టి కప్పడం, అడుగు ముందుకి వేయడం, మళ్ళీ గుంట తీయడం. నాలుగు రోజులకి నా నడుం కొయ్యబారిపోయింది. ఇంటికొచ్చి నేల మీద వెల్లకిలా పడి, "ఈ పని మనుషులు చేసేది కాదు, ఇనుము చేయాలి," అన్నాను. నాన్న నవ్వాడు. ఆ నవ్వే నన్ను తొమ్మిదేళ్ళు ఆ బల్ల ముందు కూర్చోబెట్టింది.

కుదురుకి మూడు గింజలు అన్నది మేనత్త లెక్క. కుదురంటే గింజలు పడే ఒక్కో చోటు. రెండే పడితే పంట పలచన, అయిదు పడితే మొక్కలు ఒకదాని నోటి దగ్గరిది ఇంకోటి లాక్కుంటాయి. కుదుళ్ళు చదరపు గళ్ళ మూలల్లో పడాలి కూడా. అప్పుడు నిలువునా, అడ్డంగా రెండు వైపులా ఎడ్లతో కలుపు తీయవచ్చు. అందుకని ముందే పొలమంతా గీతలు గీస్తారు. నేను చేసిన బండి మీద ముందు ఒక పీట ఉంటుంది. ఆ పీట మీద కూర్చుని, గీత రాగానే చేతిలోని మీట లాగాలి. మీట లాగితే విత్తనాల డబ్బా అడుగున ఉన్న ఇనప బిళ్ళ ఒక మెట్టు తిరుగుతుంది. బిళ్ళకి గుంటలున్నాయి. ఒక్కో గుంటలో సరిగ్గా మూడు గింజలు పడతాయి. పైన ఒక కుంచె మిగతా వాటిని ఊడ్చేస్తుంది. గుంట గొట్టం మీదికి రాగానే ఆ మూడూ కిందికి జారి మట్టిలో పడతాయి. రెండు డబ్బాలు, రెండు వరసలు. అంతే యంత్రం.

అంతే అంటున్నాను గాని, ఆ గుంట కొలత కుదరడానికే ఏడేళ్ళు పట్టింది. కార్ఖానాలో బండిని దిమ్మల మీదికి ఎత్తి, గొట్టం కింద పన్నెండు రేకు డబ్బాలు వరసగా జరుపుతూ మీట లాగి చూసేదాన్ని. గింజలు కావలసి వచ్చినప్పుడల్లా పెరట్లోకి తల పెట్టి, "అమ్మా, గింజలు!" అని అరిచేదాన్ని. వంటింటి అరుగు మీద ఉండే పొడవాటి డబ్బా అమ్మ నా చేతికిచ్చేది. కిందటేడు చివరికి వెయ్యి సార్లు లాగితే తొమ్మిది వందల తొంభై ఎనిమిది సార్లు మూడే పడ్డాయి. నాన్న ఆ రెండు తప్పుల కోసం వెయ్యి సార్లూ మళ్ళీ లాగించి, చివరికి మీసం దువ్వుకుని, "ఇక అక్కకి కబురు పెట్టు," అన్నాడు.

ఈ ఏడు మేనత్త సగం పొలం, దానికి తన విత్తనం ఇచ్చింది. చూడ్డానికి ఊరు ఊరంతా గట్టు మీద చేరింది. ఎడ్లని మేనత్తే తోలింది, నేను పీట మీద కూర్చుని రాణిగారిలా మీట లాగాను. మధ్యాహ్నానికల్లా సగం పొలం అయిపోయింది. జనం ముక్కున వేలేసుకున్నారు. నాన్న ఆ సాయంత్రం నలుగురినీ ఆపి ఆపి మాట్లాడాడు.

పదో రోజున మొలకలు వచ్చాయి. మేనత్త కబురు పంపలేదు, తనే వచ్చి నన్నూ నాన్ననీ చెయ్యి పట్టుకు తీసుకుపోయింది. మొదటి కుదురులో ఒకటి. రెండో దాంట్లో అయిదు. తరవాతది బోసి. ఆ తరవాత రెండు, నాలుగు, ఆరు. వరస పొడుగునా ఇదే తంతు. గళ్ళు మాత్రం చక్కగా కుదిరాయి, అది వేరే సంగతి.

"ఏమే మేస్త్రమ్మా," అంది మేనత్త, "మూడు అంకె నువ్వు ఎవరి దగ్గర నేర్చుకున్నావే?"

గట్టు మీద ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నాన్న నవ్వే వాళ్ళ వైపు చూడలేదు, మొలకల వైపే చూస్తూ నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళలో ఆయన పోసిన గిలక ఒక్కటి కూడా పగిలిందని ఎవరూ వెనక్కి తేలేదు.

"మిగతా సగం ఇంకా ఉంది కదా అత్తా," అన్నాను.

"ఉంది. తడి ఆరిపోవడానికి ఆరు రోజుల గడువు కూడా ఉంది. ఏడో రోజు పొద్దున్నే నా మనుషులు పారలు పట్టుకుని వస్తారు. ఈలోగా నీ బండి బుద్ధి తెచ్చుకుంటే సరే, లేకపోతే నా పొలంతో ఆటలు చాలు."

నాన్న తిన్నగా ఇంటికి నడిచాడు. కార్ఖానాలోకి వచ్చాక, అటక మీద వరసగా పేర్చిన నా అచ్చుల వైపు చూశాడు. తొమ్మిదేళ్ళ పని. చక్రాలు, మీటలు, గొట్టాలు, ముప్పై రెండు రకాల బిళ్ళలు.

"ఈసారి కూడా తప్పితే వీటన్నిటినీ నేనే కొలిమిలో వేస్తాను," అన్నాడు. "మళ్ళీ పొయ్యి తలుపులు చేసుకుందాం. వాటికి ఎవరూ నవ్వరు."

నాన్న కోపంతో అంటే భయం లేదు, చల్లారాక మరిచిపోతాడు. ఈ మాట మెల్లగా అన్నాడు. అన్నంత పనీ చేస్తాడని నాకు తెలుసు.

మొదటి రోజంతా నేను పొలాన్ని తిట్టుకున్నాను. పొలం ఎగుడుదిగుడుగా ఉంది, ఎడ్లు సరిగా నడవలేదు, మేనత్త తోలడం రాకుండా తోలింది అని. రెండో రోజు పొద్దున బండిని దిమ్మల మీద పెట్టి, చక్రాలని సుత్తితో కొడుతూ, కుదుపులు పెడుతూ లాగాను. నూటికి నూరూ మూడే. కుంచె మార్చాను. మూడే. మీట స్ప్రింగు వదులు చేశాను. మూడే. నా యంత్రం నాకు ఎదురుగా నిలబడి, "నా తప్పేముంది?" అంటున్నట్టుంది. పళ్ళు నూరుకుంటూ మొహం కడుక్కుందామని పెరట్లోకి వచ్చాను.

అమ్మ పీట వేసుకుని కంకులు ఒలుస్తోంది. అమ్మ ఎప్పుడూ అక్కడే కూర్చుంటుంది, అంచేత నేను ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు నీళ్ళ చెంబు చేత్తో పట్టుకుని, ఊరికే, అలిసిపోయి చూస్తూ నిలబడ్డాను. అమ్మ కంకి తీసుకుంది. కొస వైపు రెండు వేళ్ళ మేర గింజలు బొటనవేలితో రాల్చి, కోళ్ళ మేత గంపలో వేసింది. కంకిని తిప్పి, మొదలు వైపు కూడా అలాగే రాల్చి, గంపలోకే విసిరింది. అప్పుడు నడిమి గింజలు ఒలిచి నా డబ్బాలో వేసింది. ఇంకో కంకి. అదే వరస. నాలుగో కంకి దాకా నా బుర్రకి ఎక్కలేదు.

"అమ్మా, ఏం చేస్తున్నావ్?"

"కనబడ్డం లేదా? గింజలు ఒలుస్తున్నా. నీ డబ్బా అయిపోవచ్చింది."

"అది కాదు. ఆ కొసవి, మొదలువి అటెందుకు వేస్తున్నావ్?"

"వాటిని ఎవరైనా విత్తనానికి పెడతారటే? కొస గింజ చిట్టిగా, గుండ్రంగా ఉంటుంది. మొదట్లోది లావుగా, వంకరగా ఉంటుంది. కోళ్ళకైతే ఏదైనా ఒకటే."

"ఎప్పట్నుంచి ఇలా?"

"ఎప్పట్నుంచేంటి, నాకు చేతులొచ్చినప్పట్నుంచి."

నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. చెంబులో నీళ్ళు ఒంటి మీద పడ్డాయి.

"మరి అత్త ఎలా ఒలుస్తుంది?"

"మీ అత్తకి ఓపికెక్కడిది? కంకులన్నీ కుప్ప పోసి కర్రతో బాదేస్తుంది. చిన్నదీ పెద్దదీ అన్నీ ఒకే బస్తాలో."

మేనత్త ఇంటికి పరిగెత్తుకెళ్ళి ఒక గిన్నెడు విత్తనం తెచ్చాను. కార్ఖానాలో బండి డబ్బాలో పోసి లాగాను. రెండు. నాలుగు. మూడు. అయిదు. ఒకటి. ఆరు. పొలంలో ఎలా పడ్డాయో అచ్చం అలాగే. చిట్టి గింజలైతే గుంటలో ఆరు దూరుతున్నాయి, లావువైతే ఒక్కటి పట్టగానే గుంట నిండిపోతోంది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తొమ్మిదేళ్ళుగా నేను యంత్రం అనుకుని అమ్మ వేళ్ళని పరీక్షిస్తున్నాను. గింజల్ని ఆవిడ ఏరి పెడితే, ఆ ఘనత నా బిళ్ళ కొట్టేసింది. అన్నేళ్ళలో విత్తనం గురించి అమ్మని ఒక్క మాట అడగలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాన్నకి చెబితే ఆయన మొహం వెలిగిపోయింది.

"ఇంతేనా! అయితే బండి బాగానే ఉందన్నమాట. మీ అమ్మ ఒలిచినట్టు ఒలవమని అక్కకి చెబుదాం, సరిపోతుంది."

"అత్త కర్ర మానేస్తుందా? పోనీ అమ్మే ఒలవాలంటే, ఆ సగం పొలానికి కావలసినవి ఒలిచేసరికి వచ్చే ఏడు వస్తుంది. రేపు ఇంకెవరో బండి అడిగితే? ప్రతి బండితోనూ అమ్మని కూడా పంపిస్తావా?"

"నేను వెళ్ళను," అంది అమ్మ గుమ్మంలోంచి. పొగ పడదని ఆవిడ ఎప్పుడూ గుమ్మం దాటి కార్ఖానాలోకి రాదు.

నేను అమ్మ వైపు తిరిగాను. బుద్ధొచ్చింది కదా, ఈసారి అడిగాను.

"నువ్వు చిన్నప్పుడు విత్తేదానివి కదమ్మా. మూడు గింజలే అని ఎలా తెలిసేది? గుప్పెట్లోంచి గుంటలో పోసేదానివా?"

"పోస్తే మూడే పడతాయా ఎక్కడైనా? ఒక్కొక్కటే తోస్తాం. ఒకటి, ఇంకోటి, ఇంకోటి."

"ఏదీ, చూపించు."

అమ్మ వంగి కోళ్ళ గంపలోంచే ఒక గుప్పెడు తీసుకుంది. చూపుడు వేలు మడిచి, దాని పక్కన బొటనవేలు ఆనించింది. ఆ సందులోంచి ఒక గింజ అంచు మీద నిలబడి బయటికి వచ్చి, పడింది. వెనకే ఇంకొకటి. వెనకే ఇంకొకటి. ఆగింది. మళ్ళీ మూడు. ఆవిడ చేతి వైపు చూడను కూడా చూడడం లేదు, కోడి ఒకటి తొట్టి ఎక్కుతుంటే దాన్ని అదిలిస్తోంది.

"చూడకుండా ఎలా తెలుస్తోంది?"

"నిలబెడితే తెలుస్తుంది. పడుకోబెడితే ఒక్కోటి ఒక్కో వెడల్పు. నిలబెట్టి చూడు, మందంలో అంత తేడా ఉండదు."

నేను అమ్మ చేతిని పట్టుకుని, మడిచిన వేలు, ఆనిన బొటనవేలు, మధ్య సందు అలాగే ఉంచమని చెప్పి, సుద్దముక్కతో గోడ మీద గీశాను. ఆవిడ చెయ్యి విదిలించుకుని, "పొయ్యి మీద ఎసరు మరుగుతోంది," అని వెళ్ళిపోయింది.

ఇంతకాలం నేను చేసింది మూడు గింజలకి ఒక గుంట. గుంటకి లెక్క తెలియదు, దానికి తెలిసింది నిండడమే. ఒక గింజకి ఒక సందు ఉండాలి. బిళ్ళ అంచు పొడుగునా సన్నని సందులు. ఒక్కో దాంట్లో ఒక్క గింజ, అది కూడా నిలువునా. మీట ఒకసారి లాగితే బిళ్ళ మూడు సందుల మేర తిరుగుతుంది. మూడు గింజలూ ఒకదాని వెనక ఒకటి రాలి, గొట్టంలో ఉన్న చిన్న రేకు తలుపు మీద ఆగుతాయి. తరవాతి గీత రాగానే మీట ఆ తలుపు తీస్తుంది, మూడూ కలిసి మట్టిలో పడతాయి. అదే లాగుడుకి పైన ఇంకో మూడు సిద్ధమవుతాయి.

ఇక సందు ఎంత ఉండాలి? అందులో మొదట్లోని లావు గింజ పట్టాలి. అన్నిటికంటే పల్చనైన నడిమి గింజలు రెండు పట్టకూడదు. గంపంతా వెతికి అన్నిటికంటే లావు గింజని తీశాను. డబ్బాలోంచి అన్నిటికంటే పల్చటివి రెండు తీసి, జోడించి, దాని పక్కన పెట్టాను. రెండూ కలిపితే ఆ లావుదానికంటే గోరు మందం ఎక్కువ. ఆ గోరంత తేడాలోనే నా తొమ్మిదేళ్ళూ ఉన్నాయి. చాలుననుకున్నాను. నాకు అంతకంటే తక్కువ చోటులో పని చేసిన అలవాటుంది.

ఆ రోజే అచ్చు మొదలుపెట్టాను. ఇనుము చల్లారితే కాస్త కుంచించుకుపోతుంది, ఆ మేరకి చెక్కని పెద్దది చేశాను. మూడో రోజు సాయంత్రం నాన్న పోత పోశాడు. సందుల లోపల ఇసుక గరుకు దిగి, గింజలు ఇరుక్కుపోయాయి. నాలుగో రోజంతా ఇద్దరం చెరో ఆకురాయి పట్టుకుని అరగదీశాం. ఇరుక్కున్న గింజని పైనుంచి పొడిచి కిందికి తోయడానికి చిన్న ఇనప నాలుక ఒకటి బిగించాను. అది కూడా అమ్మ బొటనవేలిని చూసి చేసిందే. అయిదో రోజు రెండో బిళ్ళ పోశాం. ఆరో రోజు మధ్యాహ్నం మేనత్త విత్తనంతో వంద సార్లు లాగాను.

తొంభై నాలుగు.

నేను ఎగిరి గంతేశాను. నాన్న మాత్రం రేకు డబ్బాల వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఆరు తప్పాయి," అన్నాడు. "ఆ పాతది వెయ్యికి రెండే తప్పేది."

"ఆ పాతది అమ్మ గింజలతో నాన్నా!"

"తెలుసు. తెలుసులే. అయినా ఆరు తప్పాయి."

నాన్న బుర్రకి తెలిసింది గాని మనసుకి తెలియలేదు. ఆ సాయంత్రం నా అచ్చుల్ని అటక మీంచి దించి కొలిమి పక్కన పేర్చాడు. సర్దుతున్నానన్నాడు. అలా కట్టెల మోపులా ఎవరు సర్దుతారు?

ఏడో రోజు పొద్దున్నే పొలానికి వెళ్ళాం. గట్టు మీద మేనత్త మనుషులు పన్నెండు మంది, పారలు పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నారు. కిందటిసారి నవ్వినవాళ్ళలో ఒక్కరు కూడా మానకుండా వచ్చారు. మేనత్త ఎడ్లని కడుతూ తన షరతు చెప్పింది.

"మొలక దాకా ఆగను. నాలుగు వరసలు వెయ్యి. నాకు తోచిన చోట నలభై కుదుళ్ళు వేలితో తవ్వి చూస్తా. నాలుగు కంటే ఎక్కువ తప్పితే పారలు లేస్తాయి."

"అలాగే," అన్నాను.

మేనత్త వెనక్కి తిరగగానే నాన్న నా పక్కకి వచ్చాడు. కండువా కింద ఏదో ఉంది. తీసి చూపించాడు. అమ్మ డబ్బా.

"ఈ ఒక్కరోజే," అన్నాడు గొంతు తగ్గించి. "నాలుగు వరసలకి ఇవి సరిపోతాయి. ఎవరికీ తెలియదు. ఆ తరవాత నువ్వు కావలసినంత బాగు చేసుకో."

"నాన్నా, ఇది మోసం."

"నీ అచ్చులు నా చేత్తో కాల్చలేనే, బంగారం," అన్నాడు.

అబద్ధం ఎందుకు, నా చెయ్యి ఆ డబ్బా మీదికి వెళ్ళింది. నాకు నా బిళ్ళ మీద నమ్మకం ఉంది. నమ్మకం ఉన్నా చెయ్యి వెళ్ళింది. ఇంతలో గట్టు మీద కలకలం. తల తిప్పి చూస్తే అమ్మ వస్తోంది. తొమ్మిదేళ్ళలో కార్ఖానా గుమ్మం దాటని మనిషి, దున్నిన పొలంలో అడ్డంగా, చంకన కోళ్ళ మేత గంప పెట్టుకుని నడిచి వస్తోంది. నాన్న చేతిలో డబ్బా చూసింది. బండి దగ్గరికి వచ్చి, విత్తనాల డబ్బా మూత తీసి, గంపలో సగం అందులో పోసింది. రెండో డబ్బాలో మిగతా సగం. కొసవీ, మొదలువీ, అన్నీ. చెయ్యి లోపలికి పెట్టి మేనత్త విత్తనంతో బాగా కలిపింది.

నాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. మేనత్త నోరు తెరిచింది.

"ఏమ్మా, నీ కూతురికి పగవాళ్ళెవరూ లేరనుకున్నా. నువ్వున్నావా?"

"మంచి గింజలు ఎవరి బండైనా వేస్తుంది వదినా," అంది అమ్మ. మూతలు పెట్టి, చేతులు దులుపుకుని, నా వైపు చూసింది. "ఊఁ, కూర్చో. లాగు."

ఆ చూపులో సందేహం లేదు. ధైర్యం చెబుతున్నట్టు కూడా లేదు. నాకు ఎక్కడ లేని బలం వచ్చింది. పీట ఎక్కి మీట పట్టుకున్నాను.

మొదటి గీత. లాగాను. బిళ్ళ తిరిగింది, తలుపు టక్కున తెరుచుకుని మూసుకుంది. రెండో గీత. టక్. మూడోది. టక్. కొస దాకా వెళ్ళి, తిరిగి, మళ్ళీ కొస దాకా వెళ్ళాం. ఎక్కడా బిళ్ళ ఆగలేదు. లావు గింజ సందులో దిగినప్పుడు మీట కాస్త బరువెక్కడం నా అరచేతికి తెలుస్తూనే ఉంది. అలా బరువెక్కినప్పుడల్లా నాకు సంతోషమేసింది. అమ్మ గింజ ఇంకొకటి వెళ్ళింది అనుకున్నాను.

నాలుగో వరస అయ్యాక మేనత్త ఎడ్లని వదిలేసి, మోకాళ్ళ మీద కూర్చుని తవ్వడం మొదలుపెట్టింది. మొదటిది మూడు. రెండోది మూడు. నవ్వుదామని వచ్చినవాళ్ళు గట్టు దిగి వెనకే నడిచారు. పది దాకా మూడే. పన్నెండో దాంట్లో రెండు. ఎవరో గొంతు సవరించుకున్నారు. నాన్న కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ మూడు, మూడు, మూడు. ఇరవై తొమ్మిదో దాంట్లో నాలుగు. మళ్ళీ మూడు. నలభయ్యో కుదురు తవ్వి, మేనత్త ఆ గింజల్ని అరచేతిలో పెట్టుకుని లేచింది. మట్టి ఊది, అందరికీ చూపించింది. ఒకటి చిట్టిది, గుండ్రటిది. ఒకటి చక్కని నడిమిది. ఒకటి లావుది, వంకరది.

"కొసా, నడుమా, మొదలూ," అంది అమ్మ తొంగి చూసి. "కంకి మొత్తం ఉంది."

మేనత్త ఆ మూడు గింజల్నీ మళ్ళీ గుంటలో వేసి, మట్టి కప్పి, కాలితో అదిమింది. గట్టు వైపు తిరిగి తన మనుషుల మీద కేక పెట్టింది.

"ఇంకా ఆ పారలు పట్టుకుని కూర్చున్నారేం? పక్కన పడేసి విత్తనం బస్తాలు మొయ్యండి. బండి ఖాళీగా ఉంది!"

నాన్న అక్కడే నిలబడి కండువాతో మొహం తుడుచుకున్నాడు. అమ్మ ఆయన చేతిలోంచి డబ్బా తీసుకుంది. ఆ డబ్బా అక్కడికి ఎందుకు వచ్చిందని అప్పుడూ అడగలేదు, ఆ తరవాతా అడగలేదు. నాన్న మాత్రం ఆ వారం రోజులు ఆవిడ ముందు చాలా మర్యాదగా తిరిగాడు.

ఇంటికి వచ్చాక నాన్న కొలిమి పక్కనున్న అచ్చుల్ని ఒక్కొక్కటే తుడిచి, అటక మీదికి అందించడం మొదలుపెట్టాడు. మూడు గింజల గుంటలున్న పాత బిళ్ళ అచ్చు వచ్చింది. అది నేను అందుకోలేదు. ఆయన చేతిలోంచి తీసుకుని కొలిమిలో వేశాను. "అయ్యో, ఏడేళ్ళ పని," అన్నాడు నాన్న. నిజమే, ఏడేళ్ళ పని. బాగా ఆరిన చెక్క కదా, చప్పున అంటుకుంది.

పదో రోజున మేనత్త మళ్ళీ తనే వచ్చి లాక్కుపోయింది. కొత్తగా విత్తిన సగం మూల మీద నిలబెట్టి, నిలువునా చూడమంది, అడ్డంగా చూడమంది, మూల నుంచి మూలకి చూడమంది. ఎటు చూసినా మూడేసి మొలకలు. "ఈ మూడు అంకె ఎవరి దగ్గర నేర్చుకున్నావే?" అని మళ్ళీ అడిగింది. ఈసారి నవ్వులాట లేదు, నిజంగానే అడిగింది. నేను మా అమ్మ పేరు చెప్పాను.

మర్నాడు పొద్దున కార్ఖానాలోకి వెళ్ళేసరికి నా బల్ల మీద రెండు డబ్బాలున్నాయి. ఒకటి ఎప్పటిదే, నడిమి గింజలది. పక్కన కొత్తది, నిండా కొసలూ మొదళ్ళూ. ఎవరు పెట్టారని చుట్టూ చూశాను. అమ్మ బల్లకి అవతల, పొగలోనే నిలబడి దగ్గుతోంది. మొదటిసారి గుమ్మం దాటి లోపలికి వచ్చేసింది.

"ఇక మీదట ఏది చేసినా ముందు దీంతో చూడు," అంది కొత్త డబ్బా మీద వేలితో తడుతూ.

"మరి కోళ్ళకి?"

"వాటికి ఇవాళ నడిమివి వేశా," అంది అమ్మ.